ఆరు ముక్కలు, ఒకే కూర్పు

నంద్యాల,
2024 జూన్ 6

రహిమాన్‌కు,

నువ్వు క్షేమంగానే ఉంటావు. మొండివాళ్ళకు ఏమీ కాదు కాబట్టి ఆ ప్రశ్న అడగడం లేదు.

విషయానికి వస్తాను. చెక్క ముక్కలు కూర్చే చిక్కుబొమ్మల వాళ్ళందరూ నవంబరులో బెంగళూరులో ఒక సమావేశం పెట్టుకుంటున్నారు. రిటైరైన లెక్కల లెక్చరర్లలో ఈ పిచ్చి ఉన్నది నాకొక్కడికే అనుకున్నాను. దేశంలో నూట ఇరవై మంది ఉన్నారట, సంతోషం. కొత్త చిక్కులు పంపమన్నారు. వాళ్ళకు నచ్చితే, ఊహించినవాడి పేరూ, చెక్కతో చేసినవాడి పేరూ పక్కపక్కనే పుస్తకంలో వేస్తారు.

నాలుగేళ్ళ కిందట నీ అంగడిలో చేయించిన ఆరు ముక్కల చిక్కు పంపబోతున్నాను. గుర్తు లేదని అంటావు, కాబట్టి చెబుతున్నాను. చిన్న చిన్న ఘనాలు అతికించిన ఆరు ముక్కలు. మూడింటిలో ఐదేసి ఘనాలు, మూడింటిలో నాలుగేసి, మొత్తం ఇరవై ఏడు. ఆరూ కలిపితే అటు మూడు, ఇటు మూడు, ఎత్తు మూడుగా ఒక పెద్ద ఘనం అవుతుంది. కూర్పు ఒకటే, రెండోది లేదు. ఆ ఒకటే అన్న మాట కోసం మూడేళ్ళు కూర్చున్నాను. ఇరవై ఏడు గళ్ళకూ చదరంగం బల్లలాగా నలుపు తెలుపు వేస్తే ఒక రంగువి పద్నాలుగు, రెండోది పదమూడు వస్తాయి. ఏ ముక్క ఏ రంగు ఎంత తింటుందో, ఏ ముక్క ఎన్ని మూలలకు చేరగలదో లెక్కగట్టి, కుదరనివన్నీ కొట్టేస్తూ వచ్చాను. డోన్ రైల్వేలో పనిచేసే మా మేనల్లుడు అనంత్ అదే పని కంప్యూటర్‌లో రెండు సెకన్లలో చేసి "ఒకటే మామా" అన్నాడు. ఎందుకు ఒకటే రా అని అడిగితే నోరు తెరిచాడు. ఆ విషయంలో వాడికీ కంప్యూటర్‌కూ తేడా లేదు.

అసలు సంగతి, ఆరింటిలో ఒక ముక్క పోయింది. మా ఇంట్లో పనిచేసే గాయత్రి దాన్ని కుంటుతున్న కుర్చీ కాలి కింద పెట్టింది. కుర్చీ నిలబడింది, ముక్క పగిలింది. పగిలినదాన్ని చెత్తబండిలో వేసేసి వచ్చింది. ఈ ఊళ్ళో నా మేధస్సుకు ఇంతవరకు దొరికిన ఉపయోగం అదొక్కటే. ఆ ముక్క కాగితం మీద గీసి పంపుతున్నాను. ఎప్పటిలాగే మూడు పొరలకు మూడు గళ్ళబొమ్మలు. తొందరగా కోసి బస్సులో వెయ్యి.

కోమలవల్లి సున్నిపెంటలో వాళ్ళ చెల్లెలి దగ్గర ఉంది. ఆ చెల్లెలికి మోకాలి ఆపరేషన్ అయింది. మూడు నెలల దాకా రాదు. అప్పటిదాకా ఈ మొగుడు ఉప్మా మీద బతకాలి.

ఇంకొక మాట. నా బొమ్మ అందుకొని అరగంటలో కోసిచ్చే మిషన్ బెంగళూరులో ఉంది. అది టీ తాగదు, నమాజుకు పోదు, ఎదురు మాట్లాడదు. చిన్నప్పుడు ఆళ్లగడ్డ హైస్కూల్లో నా పక్కన కూర్చున్నావని నీకిస్తున్నాను. నీ చేయి వణికిన రోజు ఆ మిషన్‌కే పంపేస్తాను. స్నేహం స్నేహమే, కోత కోతే.

కృష్ణస్వామి

(ఫోన్ చేయకు. ఫోన్లో తిడితే గాలికి పోతుంది.)


ఆళ్లగడ్డ,
2024 జూన్ 19

కృష్ణస్వామి సామికి,

రహిమాన్ చెబుతుంటే కూతురు అఫ్రీన్ రాస్తున్నది. అక్షరాలు పిల్లవి, ఎకసెక్కాలు నావి. కంటిలో పొర వచ్చింది. ఆపరేషన్ చేయించుకొమ్మన్నారు. నీ మొహం ఇంకా స్పష్టంగా చూడాల్సి వస్తుందని వెనకాడుతున్నాను.

నీ ముక్క ఇదే డబ్బాలో ఉంది. ముప్పావు అంగుళం ఘనాలు ఐదు, టేకు, జిగురు బాగా ఆరింది. మొన్న తలుపు చెక్క కోసం వచ్చిన రుద్రవరం రైతు దీన్ని చేతిలోకి తీసుకొని తిప్పి తిప్పి చూశాడు. "ఏందప్పా ఇది, మంచం కోళ్ళా?" అన్నాడు. "కాదప్పా, నంద్యాలలో ఒక అయ్యోరు ఉండాడు. పింఛను వస్తాంది, పని లేదు. ఆయప్ప చేయిస్తాండాడు" అన్నాను. పాపం, అతను చాలాసేపు జాలిపడ్డాడు.

మిషన్ అంటావు. పంపు. అది నీ రాత చదవగలిగితే నేను అంగడి మూసేస్తాను.

ఒక్క మాట విను. బెంగళూరుకు పంపేముందు ఆరు ముక్కలూ ఒకసారి కూర్చి చూడు. పాత చెక్క నాలుగు వర్షాకాలాలు చూసింది. కొత్తది బిగుతుగా ఉంటే ఉప్పు కాగితంతో రెండు రుద్దులు రుద్దు. అంతమాత్రం నీకు చేతనవుతుంది.

రహిమాన్

(ఇక్కడ అబ్బా ఇంకో మాట చెప్పాడు సార్, నేను రాయలేదు. – అఫ్రీన్)


నంద్యాల,
2024 జూలై 2

రహిమాన్‌కు,

ముక్క అందింది. రంగు కొంచెం లేత. మిగతా ఐదింటితో కలిపి నిన్ననే బెంగళూరుకు పంపేశాను. వాళ్ళ నియమం ప్రకారం ముక్కలు విడివిడిగా పంపాలి, జవాబు కాగితం వేరే కవరులో.

కూర్చి చూడమన్నావు. లెక్క తేలినదాన్ని మళ్ళీ చేత్తో కూర్చి చూడటం ఎందుకు? రెండూ రెండూ నాలుగని తెలిసినవాడు వేళ్ళు లెక్కపెట్టుకోడు. అది నీలాంటివాళ్ళ పద్ధతి.

అఫ్రీన్ అక్షరాలు బాగున్నాయి. సివిల్ డిప్లొమా చదివించి, చివరకు నీ తిట్లు రాయిస్తున్నావు. గొప్ప తండ్రివి.

కృష్ణస్వామి


నంద్యాల,
2024 ఆగస్టు 21

రహిమాన్‌కు,

డబ్బా తిరిగి వచ్చింది. బెంగళూరు సమావేశం తరఫున జాహ్నవి అనే ఆవిడ రాసిన ఉత్తరం ఎంత మర్యాదగా ఉందంటే, చదువుతుంటే చెంపలు మండాయి. "మీ ఆరు ముక్కలతో ఘనం ఏర్పడటం లేదు. మా సభ్యులు ముగ్గురు ప్రయత్నించారు. తరువాత ఆరింటినీ కొలిచి కంప్యూటర్‌కు ఇచ్చాము. కూర్పుల సంఖ్య సున్నా. మీరు పంపిన జవాబు కాగితంతో కూడా ఈ ముక్కలు సరిపోవడం లేదు. అక్టోబరు 31లోగా సరిచేసి పంపితే సంతోషంగా పరిశీలిస్తాము."

సున్నా! ముప్పై మూడేళ్ళు పిల్లల కాగితాల మీద నేను వేసిన సున్నా ఇప్పుడు నాకు వేశారు.

పాత ఐదు ముక్కలూ నాలుగేళ్ళు నా బీరువా మీద గౌరవంగా ఉన్నాయి. కొత్తది వచ్చింది, ఒకటి కాస్తా సున్నా అయింది. తప్పు ఎవరిదో చెప్పడానికి లెక్కలు చదవనక్కర్లేదు. కంటిలో పొర ఉన్నవాడు రంపం ఎందుకు పట్టుకోవాలి? చెప్పి ఉంటే ఆ మిషన్‌కు పంపేవాణ్ణి కదా? నూట ఇరవై మంది ముందు నన్ను అబద్ధాలకోరుగా నిలబెట్టావు. ఈ చిక్కు వాళ్ళ పుస్తకంలోకి ఎక్కకపోతే నా మూడేళ్ళ పని గాయత్రి కుర్చీ కిందికి పోయినట్టే. నాకు డెబ్బై దగ్గర పడుతోంది. ఇంకో మూడేళ్ళు కూర్చొని ఇంకో చిక్కు కనిపెట్టే ఓపిక లేదు.

ఎక్కడ తప్పు కోశావో రాయి. సాకులు రాయకు.

కృష్ణస్వామి


ఆళ్లగడ్డ,
2024 ఆగస్టు 28

సామీ,

నువ్వు రాసింది పిల్ల చదివి వినిపించింది. మధ్యలో రెండుసార్లు ఆగింది.

ఆ ముక్కలో తప్పు లేదు. ఇరుకు లేదు, వంకర లేదు. నీ కాగితం పక్కన పెట్టుకొని మూడుసార్లు చూశాం, గడి గడికీ చూశాం. నలభై ఐదేళ్ళలో నా అంగడిలోంచి బయటికి పోయిన తలుపు ఒక్కటి కూడా వాకిలికి పట్టలేదని వెనక్కు రాలేదు. వెనక్కు వచ్చింది నీ డబ్బా ఒక్కటే. అయితే తప్పు తలుపుది కాదు, వాకిలి కొలిచినవాడిది.

నీ దగ్గర ముక్కలున్నాయి, కాగితముంది, రోజంతా తీరిక ఉంది. ఆరింటినీ బల్ల మీద పెట్టు. ఒక్కొక్కటీ నీ బొమ్మతో పోల్చు. తిట్టడానికి పడే కష్టంలో సగం చాలు.

రహిమాన్


నంద్యాల,
2024 సెప్టెంబరు 5

రహిమాన్‌కు,

పోల్చాను. మూడు రోజులు పట్టింది. ఇకమీదట ఉపాధ్యాయ దినోత్సవానికి నన్నెవరూ పిలవకుండా ఉంటే బాగుండు.

ఇంతకాలం తర్వాత నీకు పాఠం చెప్పాల్సి వచ్చింది, శ్రద్ధగా విను. ఈ ఆరింటిలో మూడు ముక్కలు అద్దంలో చూసినా అలాగే ఉంటాయి, వాటితో గొడవ లేదు. మిగతా మూడింటికి కుడి ఎడమ ఉంది. ఎడమకాలి చెప్పును ఎన్నిసార్లు తిప్పినా కుడికాలి చెప్పు కాదు కదా, అలాగే. ఆ మూడింటిలో ఒకటి నువ్వు మొన్న పంపింది. అది నా కాగితంతో అచ్చంగా సరిపోయింది. పాతవి రెండూ సరిపోలేదు. రెండూ తిరగబడి ఉన్నాయి. రెండు ఎడమ చెప్పులు, ఒక కుడి చెప్పు. బెంగళూరువాళ్ళకు సున్నా రాక ఏమొస్తుంది?

అక్కడితో ఊరుకోలేదు. బీరువా మీది డబ్బాలన్నీ దించాను. చివరి మూడు తప్ప, ఇరవై రెండేళ్ళుగా నువ్వు చేసిన ప్రతి డబ్బాలోనూ అదే కథ. కుడి ఎడమ ఉన్న ప్రతి ముక్కా తిరగేసి ఉంది! నేను బొమ్మలు అడుగు పొరతో మొదలుపెడతాను. నువ్వు మొదటి బొమ్మను పై పొర అనుకున్నావు. పొరల వరుస తలకిందులైతే ముక్క అద్దంలో బింబం అయిపోతుంది. అన్నిటినీ ఒకేలా తిరగేశావు కాబట్టి ఘనం కూడా తిరగబడి ఏర్పడుతుంది. చిక్కు చిక్కుగానే ఉంటుంది, జవాబు మాత్రం నా కాగితానికి అద్దంలో బింబం. అందుకే ఇన్నాళ్ళూ బయటపడలేదు. తప్పు చేయడంలో కూడా ఇంత నిలకడ ఉన్న మనిషిని నేను చూడలేదు.

ఇక అసలు మాట. ఈ కొత్త ముక్క సరిగ్గా ఉంది. నువ్వు ఇరవై రెండేళ్ళలో ఒక్కటీ సరిగ్గా కోయలేదు. కాబట్టి ఇది నువ్వు కోసింది కాదు. పోయిన ఏడాది రంజాన్ తర్వాత వచ్చిన ఆ చివరి మూడు డబ్బాలూ కూడా సరిగ్గానే ఉన్నాయి. ఏడాదిన్నరగా నా పని ఎవరిచేతో చేయించి, నీ పేరు మీద పంపుతున్నావు.

ఎవరు వాళ్ళు? నాకెందుకు చెప్పలేదు?

కృష్ణస్వామి


ఆళ్లగడ్డ,
2024 సెప్టెంబరు 14

సామీ,

కోసింది అఫ్రీన్. ఇది రాస్తున్నదీ ఆ పిల్లే, తల వంచుకొని రాస్తోంది. తల ఎత్తుకోమన్నాను, ఎత్తుకోవడం లేదు.

నా కంటికి ఏమీ కాలేదు. కుడిచేయి వణుకుతోంది, ఏడాదిన్నర అయింది. టీ గ్లాసు పట్టుకుంటే సగం లుంగీ మీద పడుతుంది. కర్నూలులో చూపించాను, మాత్రలిచ్చారు, వణుకు కొంచెం నెమ్మదించింది కానీ పోలేదు. రంపం పట్టలేను. తలుపుల పని పోయింది. మంచాలు ఇప్పుడెవరూ చేయించుకోవడం లేదు, ఇనుపవి కొనుక్కుంటున్నారు. మిగిలింది నీ డబ్బాలు. చేయి వణికిన రోజు మిషన్‌కు పంపేస్తానని నువ్వు ప్రతి ఏడాదీ రాస్తావు. మొదట్లో నవ్వేవాణ్ణి. వణుకు వచ్చాక నవ్వు రాలేదు. ఆ డబ్బాలు కూడా పోతే పొద్దున లేచి అంగడి తలుపు తీయడానికి నాకు పని ఉండదు. అందుకే అబద్ధం చెప్పాను. సిగ్గుగానే ఉంది.

పిల్లకు నేనేమీ నేర్పలేదు. పక్కన నిలబడి చూసి నేర్చుకుంది. నీ బొమ్మలు ఎట్లా చదివావే అని నిన్న అడిగాను. "గ్రౌండ్ ఫ్లోర్ ప్లాన్ మొదట గీస్తారు కదా అబ్బా, ఆ తర్వాతే పై అంతస్తు. సార్ కూడా అట్లనే గీసింటాడు అనుకున్యా" అంది. నేను వడ్రంగిని. పని ఏదైనా చెక్కను పైనుంచి చూసి గుర్తు పెడతాను. మొదటి బొమ్మ పైది కాక ఏందీ అనుకున్నాను. ఏది పైదో ఏది అడుగో నువ్వు ఒక్క కాగితం మీద కూడా రాయలేదు. చదువుకున్నవాడివి కదా, అందరికీ తెలుసనుకున్నావు.

ఇప్పుడు నా వంతు. నీ ఉత్తరం విన్నప్పటినుంచి ఒకే మాట నా బుర్రలో తిరుగుతోంది.

ఇరవై రెండేళ్ళుగా నేను అన్నీ తిరగేసి కోశానంటున్నావు. అయితే నీ జవాబు కాగితం ముందు పెట్టుకొని ఎవరు కూర్చినా ఒక్క డబ్బా కూడా కుదరదు. మొదటి డబ్బాకే నీకు తెలిసిపోయి ఉండాలి. "ఏందిరా ఇది, తిరగేసి కోసినావు" అని మరుసటి బస్సుకే వచ్చి నా అంగడి మీద పడి ఉండాలి. నువ్వు రాలేదు.

అంటే సామీ, నువ్వు నీ చిక్కుల్లో ఒక్కటి కూడా నీ చేత్తో కూర్చలేదు. ఒక్కటి కూడా. రెండూ రెండూ నాలుగని మాకు పాఠం చెబుతావు. అందరి బుర్రలూ కొలుస్తావు. ఏదీ, నువ్వెందుకు కూర్చలేదో రాయి. సాకులు రాయకు.

రహిమాన్


నంద్యాల,
2024 అక్టోబరు 3

రహిమానూ,

ఇరవై రోజులు జవాబు రాయలేదు. రాయకుండా ఉంటే నువ్వే మరిచిపోతావేమో అని చూశాను. నువ్వు మరిచిపోయే రకం కాదు.

నువ్వు రాసింది నిజం. ఒక్కటి కూడా కూర్చలేదు. కూర్చడం రాలేదు.

2002లో నువ్వు మొదటి డబ్బా పంపిన ఆదివారం నాకు బాగా గుర్తుంది. బల్ల మీద కాగితం పరిచి, ముక్కలు వరుసగా పెట్టుకొని కూర్చున్నాను. మొదటి ముక్క కుదిరింది. రెండోది ఎంత తిప్పినా కాగితం చెప్పిన చోట పట్టలేదు. నా లెక్క సరైనదని నాకు తెలుసు. మూడుసార్లు సరిచూశాను. నీ కోత సరైనదనీ నాకు తెలుసు. నిన్ను నోటితో ఎన్ని అన్నా, మొన్న ఆగస్టు దాకా నీ కోతను అనుమానించలేదు. లెక్కలో తప్పు లేదు, కోతలో తప్పు లేదు, ఇక మిగిలింది నా చేతులు. నేను కాగితం మనిషిని, వస్తువు చేతిలోకి వస్తే నాకు కుడి ఎడమ తెలియదు అనుకున్నాను. నాలుగు ఆదివారాలు ప్రయత్నించి మానేశాను.

కోమల వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, కాగితం వంక చూడకుండానే, కబుర్లు చెబుతూ గంటలో కూర్చేసింది. ఆ రోజు నాకు ఎంత అవమానం అనిపించిందో ఇప్పుడు రాస్తున్నాను, ఆమెకు కూడా చెప్పలేదు. అప్పటినుంచి ప్రతి డబ్బా ఆమే కూర్చి చూసింది. ఈసారి సున్నిపెంటలో ఉంది కాబట్టి చూడకుండా పంపాను. రెండూ రెండూ నాలుగు అన్నది అందుకే.

కాలేజీలో ఫిజిక్స్ జయరాజు ఒకసారి స్టాఫ్ రూమ్‌లో అందరి ముందు డబ్బా నా చేతిలో పెట్టి "కూర్చి చూపించు స్వామీ" అన్నాడు. "నేను వండినవాణ్ణి, తినడం మీ పని" అన్నాను. అందరూ నవ్వారు, అది నా చమత్కారం అనుకున్నారు. ఆ ఒక్క మాటతో ఇరవై రెండేళ్ళు నెట్టుకొచ్చాను. కూర్చలేని ప్రతివాణ్ణీ వెక్కిరించాను. పిల్లలను, అనంత్‌ను, నిన్ను. ఎవరైనా నన్ను అడగకముందే వాళ్ళను తక్కువ చేసి పెట్టేవాణ్ణి.

మొన్న ఆరు ముక్కలు కాగితంతో పోల్చినప్పుడు నీ తప్పు ఒక్కటే కనబడింది. నీ ఉత్తరం వచ్చాకగానీ రెండోది తోచలేదు. నా చేతులకు ఏమీ కాలేదు. నువ్వు తిరగేసి కోశావు, నేను అడుగు ఏదో రాయలేదు. మనిద్దరి తెలివికీ శిక్ష నా చేతులకు పడింది. నీమీద కోపం వచ్చింది, ఆ తర్వాత ఎవరిమీద రావాలో తెలియలేదు.

డబ్బా తిరిగి పంపుతున్నాను. పాత రెండు ముక్కలకు సరిపోయేట్టు కొత్తదాన్ని నీలాగే తిరగేసి కోయమని అఫ్రీన్‌కు చెప్పు. ఒక్క ముక్కతో పని అయిపోతుంది. జవాబు కాగితం నేను తిరగేసి రాసుకుంటాను. గడువు ఇరవై ఎనిమిది రోజులే ఉంది.

మిషన్ మాట రాసినందుకు క్షమాపణ చెప్పను, నాకు అలవాటు లేదు. పంపను, అంతే. నీ వణికే చేతికి ఉప్పు కాగితం ఇవ్వు. రుద్దే పని సగం అదే చేసుకుంటుంది.

కృష్ణస్వామి


ఆళ్లగడ్డ,
2024 అక్టోబరు 13

కృష్ణస్వామి సార్‌కు నమస్కారం.

ఈసారి అబ్బా చెప్పలేదు, నేనే రాస్తున్నాను. తప్పులుంటే ఎలాగూ తిడతారు.

మీ ఉత్తరం అబ్బాకు చదివి వినిపించాను. చివరిదాకా విని, అంగడి బయటికి పోయాడు. లోపలికి వచ్చి "ఎంత పని చేస్తినే నేను. ఆయప్ప నోటికి భయపడి ఒక్కరోజు కూడా అడగలేదు చూడు, ఏది కిందిది సామీ అని" అన్నాడు. ఇప్పుడు ఉప్పు కాగితం పట్టుకొని కూర్చున్నాడు. మీరన్నట్టే రుద్దే పని బాగా జరుగుతోంది. ఆ మాట మీకు రాయొద్దన్నాడు.

కొత్త ముక్కను తిరగేసి కోయమన్నారు. కోయను సార్. అది సరిగ్గా ఉంది. మొదట అది తప్పని తిట్టారు, తర్వాత అది సరిగ్గా ఉందని తిట్టారు, ఇప్పుడు దాన్ని పారేసి తప్పుగా కోయమంటున్నారు. కోత బాగుందని మాత్రం ఒక్క ఉత్తరంలోనూ రాయలేదు. ఏడాదిన్నరగా మీ డబ్బాలన్నీ నేనే కోశాను. మీ నోటినుంచి ఒక్క మంచి మాట వస్తే అది అబ్బాకు పోయేది, తిట్టు వస్తే అది కూడా అబ్బాకే పోయేది. నాకు వచ్చిందల్లా అక్షరాలు బాగున్నాయన్న మాట.

అందుకే పాత రెండు ముక్కలను పక్కన పెట్టి, ఆ రెండింటినీ మీ కాగితం ప్రకారం కొత్తగా కోశాను. ఇప్పుడు ఆరూ మీ బొమ్మలతో సరిపోతాయి. కూర్చి చూసి, విప్పి పంపుతున్నాను. కూడుతుంది.

రెండు షరతులు. మీరు ఒప్పుకోకపోతే ముక్కలు తిరిగి పంపేయండి, మిషన్ ఎటూ ఉంది.

ఒకటి, బెంగళూరు పుస్తకంలో చేసినవాళ్ళ పేరు దగ్గర నా పేరు ఉండాలి. అబ్బా పేరు అంగడి పేరుగా ఉంటుంది. ఇది అబ్బాను అడిగే రాస్తున్నాను. "నీ కోత, నీ పేరే ఉండల్ల" అన్నాడు.

రెండు, కోమలవల్లి అమ్మగారు తిరిగి వచ్చి ఉంటారు. ఈ డబ్బా ఆమె చేతికి ఇవ్వకండి. మీ కాగితం ముందు పెట్టుకొని మీరే కూర్చండి. ఇన్నాళ్ళూ చెక్క మీకు అడ్డం వచ్చింది, ఇప్పుడు రాదు. చేతకాకపోతే ఈసారి నిజంగానే మీ చేతులది తప్పు, నాది కాదు.

ఇకనుంచి మొదటి బొమ్మ కింద "అడుగు" అని రాయండి సార్. మూడు అక్షరాలు. ఇరవై రెండేళ్ళలో ఒక్కసారి రాసి ఉంటే చాలు.

అఫ్రీన్


నంద్యాల,
2024 అక్టోబరు 19

అఫ్రీన్‌కు,

నీ ఉత్తరం చదివాను. పెద్దవాళ్ళతో ఎలా మాట్లాడాలో మీ అబ్బా నీకు నేర్పలేదు. ఆయనకే రాదు, నీకేం నేర్పుతాడు!

షరతులు పెట్టావు. మొదటిది ఒప్పుకుంటున్నాను. పుస్తకానికి పంపే కాగితంలో ఇలా రాశాను: ఊహించినది కృష్ణస్వామి, నంద్యాల. చేసినది అఫ్రీన్, అబ్దుల్ రహిమాన్ అంగడి, ఆళ్లగడ్డ. కోత బాగుంది. రెండు ముక్కల మధ్య గోరు దూరే సందు కూడా లేదు. ఈ మాట నీకే రాస్తున్నాను, మీ అబ్బాకు కాదు.

రెండో షరతు వినగానే కోమల నవ్వింది. మొన్న మంగళవారం మధ్యాహ్నం భోజనం చేసి బల్ల దగ్గర కూర్చున్నాను. ఆమె ఎదురుగా కూర్చుని, చేతులు కొంగులో పెట్టుకుంది, సాయం చేయకుండా ఉండటానికి. కాగితం పరిచాను. మొదటి ముక్క పెట్టాను. రెండోది పెట్టేముందు చాలాసేపు ఆగాను. ఆమె "ఏమయింది?" అంది. ఏమీ కాలేదన్నాను. పెట్టాను. కాగితం చెప్పిన చోటే కూర్చుంది. మూడోది కూర్చుంది. నాలుగోది, ఐదోది. ఆరోదానికి ఒక్కటే సందు మిగిలింది, పైనుంచి తిన్నగా దిగింది. పదకొండు నిమిషాలు.

కళ్ళల్లో నీళ్ళు వచ్చాయి. మీ అబ్బా అడిగితే ఉల్లిపాయలు తరిగానని చెప్పు.

కోమల ఆ ఘనం వైపు చూసి, "ఇంత సులువుగా కూర్చగలిగిన మనిషి ఇన్నేళ్ళూ నా చేత ఎందుకు చేయించారు?" అంది. చెప్పాను, మొదటి ఆదివారం నుంచి అంతా చెప్పాను. ఆమె లేచి వెళ్ళి కాఫీ కలుపుకొని వచ్చింది, రెండు గ్లాసులు.

ఇప్పుడు చిక్కు ఏమిటంటే, ముక్కలు విడదీసి పంపాలని బెంగళూరువాళ్ళ నియమం. ఘనం మంగళవారం నుంచి బల్ల మీదే ఉంది. విప్పుదామని రోజూ దగ్గరికి వెళ్తున్నాను, చేతులు రావడం లేదు. ముప్పై ఒకటో తేదీకి ఇంకా పన్నెండు రోజులున్నాయి. తొందరగా ఇంకో ఆరు ముక్కలు కొయ్యి.

కృష్ణస్వామి